ఇకపై మా బూట్ల ధర సోలు మీదే ఉంటుంది

అందరికీ నమస్కారం. విజయనగరం, బొబ్బిలి, రాజాం షాపుల్లో మా బూట్లు కొంటున్నవాళ్లకి ఒక మార్పు చెప్పాలి. ఈసారి జూన్‌లో బడులు తెరిచేనాటికి మా వర్క్‌షాపులో తయారయ్యే ప్రతి జతకీ సోలు అడుగున ధర అచ్చువేసి ఉంటుంది. అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

డబ్బా మీద ధర ఎప్పుడూ ఉంటుంది, చట్టం ప్రకారం ఉండాలి కూడా. కానీ చిన్న షాపుల్లో, సంతల్లో డబ్బా తీసేసి జతలు తాడుకి వేలాడదీసి అమ్ముతారు. అదే స్కూలు బూటు విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక రేటు, పల్లెలో ఇంకో రేటు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న జతల మీద జీఎస్టీ 5 శాతానికి దిగింది. మేం వెంటనే రేటు తగ్గించాం. ఆ తగ్గింపు అన్నిచోట్లా మీ చేతికి అందలేదు. కూలి డబ్బుతో పిల్లలకి బూట్లు కొనే తల్లిదండ్రులు నష్టపోతుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో విలియం ఎల్. డగ్లస్ అనే ఆయన ఏడేళ్ల వయసులోనే బూట్ల పనిలో చేరాడు. 1876లో 875 డాలర్ల అప్పుతో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాక్టన్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. ఫ్యాక్టరీలోనే సోలు మీద ధర ముద్రించి పంపేవాడు. తర్వాత రాష్ట్ర చట్టసభకి వెళ్లి, యజమానులకీ కార్మికులకీ మధ్య తగాదాలు తీర్చే బోర్డు కోసం పాటుపడ్డాడు. 1904లో మసాచుసెట్స్ గవర్నరుగా గెలిచాడు. అక్కడ అది ఓట్లతో వచ్చే పదవి, మన ముఖ్యమంత్రి లాంటిది. అదే ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో ఆ రాష్ట్రం ఎదుటి పార్టీని గెలిపించింది, అయినా ఈయనకి ఓటేసింది. ధర దాచని మనిషని జనం నమ్మారనే నేను అనుకుంటాను.

అరికాలి వంపు కింద, నేలకి తగలని చోట అచ్చు వేస్తున్నాం కాబట్టి త్వరగా అరగదు. ఇది నచ్చక కొందరు షాపువాళ్లు మా సరుకు ఆపేశారు. డబ్బా మీద ఎక్కువ ధర వేసిస్తే డిస్కౌంట్ చూపించి అమ్ముకుంటామని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ పని చేయం. మీ ఊళ్లో మా బూట్లు దొరకకపోతే నేరుగా వర్క్‌షాపుకే రండి, అదే ధరకి ఇస్తాం.

రేపు ముడిసరుకు పెరిగినా, పాత అచ్చు ఉన్న జత పాత ధరకే. అచ్చులేని పాత స్టాకు ఇంకా కొన్ని షాపుల్లో ఉంది. అది కొనేటప్పుడు డబ్బా అడిగి, దానిమీద ధర చూసి కొనండి.