మా డాక్టరుగారికి, ఫిజియో మేడమ్‌కి నలుగురిలో థాంక్స్

ఎప్పట్నుంచో రాయాలనుకుంటున్న పోస్ట్ ఇది. నా కుడికాలి పిక్క నుంచి మడమ దాకా దిగే అకిలిస్ టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే గట్టి పట్టీ) ఏడాదికి పైగా నన్ను ఎంత ఏడిపించిందో ఇక్కడ చాలామందికి తెలుసు. కాసేపు కూర్చుని లేస్తే చాలు, నాలుగడుగులు కుంటితే తప్ప కాలు సర్దుకునేది కాదు. ఇప్పుడు మెట్లు మామూలుగా దిగుతున్నాను, అవసరమైతే బస్సు కోసం పరుగెత్తుతున్నాను కూడా. పూర్తిగా పోయిందా అంటే లేదు, బాగా నడిచిన మర్నాడు కాస్త బిగుసుకుంటుంది, కానీ చెప్పుకోవాల్సినంత నొప్పి కాదు.

మొదట మా ఎముకల డాక్టరుగారికి. తట్టుకోలేక స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చేయండి అని అడిగితే కుదరదన్నారు. ఈ టెండన్‌లోకి స్టెరాయిడ్ ఎక్కిస్తే అది బలహీనపడి తెగిపోయే ప్రమాదం ఉందట. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా అని ఆరా తీశారు, ఆ రకం మందులూ టెండన్లను దెబ్బతీయొచ్చట. స్కాన్ చూసి, ఇది కొత్త వాపు కాదు, మానడం మధ్యలో ఆగిపోయిన టెండన్ అని చెప్పి షాక్‌వేవ్ థెరపీకి పంపారు. అడిగిన వెంటనే ఇంజక్షన్ ఇచ్చి పంపేయడం ఆయనకి ఎంత సులువో ఆలోచిస్తే, ఆ కాదనడానికే ఎక్కువ రుణపడి ఉన్నాను.

షాక్ అనగానే మా అమ్మ కాలికి కరెంటు పెడతారేమోనని హడలిపోయింది. కరెంటు కాదు, ఒత్తిడి తరంగాలు. కిడ్నీలో రాళ్లు పగలగొట్టడానికి 1980లో మ్యూనిక్‌లో మొదటిసారి మనిషికి వాడిన పద్ధతి నుంచే ఇదీ పుట్టింది, కాకపోతే ఇక్కడ దేన్నీ పగలగొట్టరు. నాకు వాడింది రేడియల్ రకం: గన్ లాంటి పరికరంలో గాలి ఒత్తిడితో ఒక చిన్న లోహపు ముక్క దూసుకొచ్చి మొనని కొడుతుంది, ఆ అదురు చర్మం మీంచి లోపలికి వెళ్తుంది. ఆ తాకిడికి కణాలు మళ్లీ మేలుకుని, రక్తప్రసరణ పెరిగి, ఆగిపోయిన మరమ్మతు మొదలవుతుందని చెబుతారు.

ఇక ఫిజియో మేడమ్. ఈ పోస్ట్ అసలు ఆవిడ కోసమే. మెషీన్ ఆన్ చేయకముందే ఆవిడ బొటనవేలితో టెండన్ మీద అంగుళం అంగుళం నొక్కుతూ వచ్చి, నేను కాలు లాక్కున్న చోట పెన్నుతో గుర్తు పెట్టారు. చల్లటి జెల్ రాశారు. తర్వాత మొదలైంది టకటకటకమని, పక్క గదిలోకి వినిపించేంత మోత! మొదట తక్కువ ఒత్తిడిలో పెట్టి, "పదికి ఎంతండీ?" అని అడుగుతూ, నేను ఆరు అంటే అక్కడే ఆపి, నాలుగు అంటే కొంచెం పెంచుతూ వెళ్లారు. ఒక్కో సిట్టింగ్‌లో దాదాపు 2000 దెబ్బలు, కానీ అంతా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. మామూలుగా వారానికి ఒకటి చొప్పున 3 నుంచి 5 సిట్టింగ్‌లు ఉంటాయి.

నాకు బాగా నచ్చింది ఆవిడ ముక్కుసూటితనం. "రేపటికే తగ్గిపోతుందని చెప్పను, ఒకటి రెండు రోజులు ఇంకా ఎక్కువ సలపొచ్చు కూడా, అసలు ఫలితం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, పైగా సగం పని మీదే" అని మొదటిరోజే తేల్చేశారు. ఆ సగం పని ఏంటంటే మెట్టు అంచున ముంగాలు ఆనించి మడమల్ని మెల్లగా కిందికి దించడం, మోకాలు నిటారుగా పెట్టి కొన్ని, వంచి కొన్ని, రోజుకి రెండు పూటలా. ఈ వ్యాయామం, షాక్‌వేవ్ రెండూ కలిపితే వ్యాయామం ఒక్కటే చేసినదాని కన్నా బాగా పనిచేస్తుందని 2009లో ఒక అధ్యయనం కూడా వచ్చింది. ఆవిడ ఊరికే చెప్పి వదిలేయలేదు, వెళ్లిన ప్రతిసారీ నా చేత చేయించి చూశారు, నేను గబగబా కానిచ్చేస్తుంటే "దించేటప్పుడు మూడు లెక్కపెట్టండి" అని మళ్లీ మొదట్నుంచి!

ఇంట్లో ఆ కాపలా డ్యూటీ మా వదినది. పడుకోబోతుంటే లేపి మరీ మెట్టు దగ్గరికి తోలేది. థాంక్స్ వదినా, అప్పుడు విసుక్కున్నవేవీ మనసులో పెట్టుకోకు.

ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నవాళ్లకి ఒక్క మాట. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గర్భంతో ఉన్నా, అక్కడ గడ్డ గానీ ఇన్ఫెక్షన్ గానీ ఉన్నా అడగకపోయినా ముందే చెప్పండి, అలాంటప్పుడు మామూలుగా ఇది చేయరు. మడమ కింద నొప్పికి, భుజంలో కాల్షియం పేరుకున్నవాళ్లకి దీనితో మంచి ఫలితాలే వస్తున్నాయి, టెన్నిస్ ఎల్బోకి (మోచేతి బయటివైపు వచ్చే నొప్పి) మాత్రం కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు.

మేడమ్, రివ్యూకి వచ్చినప్పుడు మీకు నేరుగానూ చెప్తాను, కానీ నలుగురికీ తెలియాలని ముందు ఇక్కడ రాసేశాను.