మాజీ సైనికుల సంక్షేమ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులకు, అమరుల భార్యలైన వీరనారులకు, తల్లులైన వీరమాతలకు నమస్కారం.

నెలవారీ సమావేశాలు, నవంబరులో పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల శిబిరం, డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవ విరాళాల సేకరణ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. ఈసారి నేను ముఖ్యంగా చెప్పాల్సింది జూలై 26 గురించి.

కార్గిల్ విజయానికి ఆ రోజుతో 25 ఏళ్లు నిండాయి. 1999 మే నుంచి జూలై దాకా సాగిన ఆ యుద్ధంలో 527 మంది మనవాళ్లు ప్రాణాలిచ్చారు. పొద్దున్నే జెండా ఎగరేసి, స్తూపానికి పూలమాలలు వేసి, రెండు నిమిషాలు మౌనం పాటించాం. తర్వాత, అప్పట్లో కార్గిల్ దగ్గరి ద్రాస్ వైపు పనిచేసిన మన సభ్యుడొకరు స్కూలు పిల్లలతో మాట్లాడారు. అక్కడి తోలోలింగ్ బోడి కొండ, చాటుకు ఒక్క చెట్టు కూడా ఉండదు. పైన శత్రువు కాచుకుని ఉంటాడు కాబట్టి చీకట్లోనే ఎక్కాలి. తిండి తగ్గించుకుని ఆ బరువుకు సరిపడా తూటాలు మోసుకెళ్లిన సంగతి చెప్పేసరికి పిల్లలంతా కదలకుండా కూర్చున్నారు.

మన హైదరాబాదులో పెరిగిన మేజర్ పద్మపాణి ఆచార్య గురించీ చెప్పారు. ఆయన 2వ రాజపుతానా రైఫిల్స్ అధికారి. జూన్ 21 ఆయన పుట్టినరోజు. వారం తిరిగేసరికి, జూన్ 28న, శత్రు స్థావరం మీద దాడిలో వీరమరణం పొందారు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. ఆయన కూతురు ఆ తర్వాత పుట్టింది.

సభ అయ్యాక, ముందు వరసలో శాలువా కప్పించుకుని కూర్చున్న మన వీరమాత ఒకరి దగ్గరకు వెళ్లాను. "ఇరవై ఆరో తేదీ మీ అందరిదీ బాబూ. పిలిచారు, వచ్చాను. మావాడి తిథి పోయిన నెలలోనే వెళ్లిపోయింది. ఆ రోజు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను" అన్నారు. నాకు నోట మాట రాలేదు. పాతికేళ్లుగా ఏటా ఆవిడను వేదిక దగ్గరకు పిలుస్తున్నాం గానీ, ఆ తిథి ఎప్పుడొస్తుందో మనలో ఒక్కరం అడగలేదు. దేశమంతా కలిసి తలుచుకోవడానికి ఒక తేదీ ఉండాల్సిందే. ఆ వందనం మానేయాలని నేను అనను. కానీ ఆ తల్లికి అసలు రోజు వేరే ఉంది. అది పంచాంగంలో ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంది, ఏ స్తూపం మీదా చెక్కి ఉండదు.

అందుకే ఆగస్టు సమావేశంలో తీర్మానం చేశాం. మన పరిధిలోని ప్రతి అమరవీరుడి తిథి నాడు ఇద్దరు సభ్యులు ఆ ఇంటికి వెళ్లాలి. ఫొటోలు, బ్యానర్లు వద్దు. కూర్చుని, ఆ ఇంటివాళ్లు చెప్పింది వినాలి, వడ్డిస్తే భోంచేసి రావాలి. ఇప్పటికి నాలుగు ఇళ్లకు వెళ్లాం. ఒక ఇంట్లో ఆయన ట్రంకు పెట్టె తెరిచి, మడత నలగని యూనిఫాం చూపించారు.

మాసం, పక్షం, తిథి రాసుకునే రిజిస్టరు కార్యాలయంలో ఉంది. తెలిసినవాళ్లు సర్వసభ్య సమావేశంలోపు వచ్చి రాయించండి.

— కార్యదర్శి