ఫొటోలో ఉన్నది మోడల్ కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి ఫర్నిచర్ గురించి వచ్చిన వ్యాసంతో పాటు ఒక పాత నలుపు తెలుపు ఫొటో వేశారు. ఉక్కు గొట్టాలతో చేసిన పడక కుర్చీలో కాళ్లు ఎత్తుగా చాపి, ముఖం అటువైపు తిప్పుకుని ఒక యువతి పడుకుని ఉంది. కింద ‘లె కార్బూజియే కుర్చీపై మోడల్’ అని రాశారు. ఆమె మోడల్ కాదు. 1928లో ఆ కుర్చీని రూపొందించిన ముగ్గురిలో ఒకరైన ఫ్రెంచి డిజైనర్ షార్లెట్ పెరియాన్. మిగిలిన ఇద్దరు ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కార్బూజియే, ఆయనకు వరసకు సోదరుడైన పియెర్ జన్నరే.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, దశాబ్దాలుగా చాలామంది చేస్తున్నదే. దాన్ని సరిదిద్దడానికి ఒక మ్యూజియం ఎంత శ్రమ తీసుకోగలదో నేను 2019 నవంబరులో పారిస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. పెరియాన్ మరణించి ఇరవై ఏళ్లయిన సందర్భంగా అక్కడి కళా మ్యూజియం లూయీ వ్యుట్టాన్ ఫౌండేషన్ తన భవనంలోని అంతస్తులన్నీ ఆమె జీవితకాలపు పనికే కేటాయించి ప్రదర్శన పెట్టింది.

1927లో పెరియాన్ పని అడుగుతూ వెళ్లినప్పుడు, తమ దగ్గర దిండ్లకు ఎంబ్రాయిడరీ చేయరని చెప్పి లె కార్బూజియే పంపేశారని ఆమే తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఏడాదే ఆమె తన పైకప్పు కింది గదిలోని బార్‌ను నికెల్, అల్యూమినియం మెరుపులతో ప్రదర్శనకు పెట్టగా, దాన్ని చూసిన తర్వాత ఆయన మనసు మార్చుకుని ఆమెను తీసుకున్నారు. అప్పటి నుంచి పదేళ్లు ఆ కార్యాలయంలో ఇళ్ల లోపలి అమరిక, ఫర్నిచర్ పనులు ప్రధానంగా ఆమే చూశారు. నేను ఇళ్ల రూపకల్పన వృత్తిలోకి వచ్చిన కొత్తలో, ఒక ఇంట్లో వంటగది గోడ ఎక్కడ తీస్తే గాలి వస్తుందో చెప్పబోతే, ‘కర్టెన్ల రంగు చెప్పండి చాలు మేడమ్’ అన్నారు ఆ ఇంటివాళ్లు. అందుకే ఆ దిండ్ల మాట చదివినప్పుడు నా చెంప మీద కొట్టినట్టే అనిపించింది.

ప్రదర్శనలో నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం ఉక్కు కుర్చీ ముందు కాదు. 1940లో జపాన్ ప్రభుత్వం ఆహ్వానిస్తే ఆమె పారిశ్రామిక కళల సలహాదారుగా అక్కడికి వెళ్లి, ఆ దేశపు చేతిపనివాళ్ల నైపుణ్యం చూసి, అదే పడక కుర్చీని వెదురుతో మళ్లీ తయారు చేయించారు. ఉక్కు గొట్టం చేసిన పనిని ఇక్కడ వెదురు బద్ద తన స్ప్రింగు గుణంతో చేస్తుంది. మా ఊళ్లో మేదరులు బద్దలు చీల్చి బుట్టలు, తడికలు అల్లడం చూస్తూ పెరిగిన నాకు ఆ వంపు కొత్తగా అనిపించలేదు. ఆధునికత లోహంలో ఉందని మా కాలేజీలో నేర్పిన పాఠం తప్పని ఆ ఒక్క కుర్చీ తేల్చేసింది.

ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో 1952లో పూర్తయిన అపార్ట్‌మెంట్ల కోసం ఆమె వేసిన వంటగది నమూనా కూడా అంతే విలువైనది. వంట చేసే మనిషిని గోడ వెనక మూసెయ్యకుండా, ముందుగదిలోకి తెరుచుకునే వడ్డన గట్టు పెట్టారు. ఇవాళ హైదరాబాద్, విజయవాడల్లో ‘ఓపెన్ కిచెన్’ అని ఫ్లాట్లు అమ్మేవాళ్లు ఆమె పేరు విని ఉండరు.

ఒక్క విషయంలో నాకు అసంతృప్తి మిగిలింది. 1936లో పారిస్ పేదల దుర్భర నివాసాలపై గోడంత ఫొటో చిత్రాన్ని కూర్చిన మనిషి ఆమె. మంచి వస్తువు నలుగురికీ అందాలన్నదే ఆమె పట్టుదల. అలాంటి మనిషి పని ఖరీదైన వస్తువుల సంస్థకు చెందిన భవనంలో, చిత్రకారులు పికాసో, లెజేల చిత్రాల పక్కన కళాఖండాలై మెరుస్తుంటే, ఆ వస్తువులు సంపన్నుల సేకరణలకే ఎందుకు పరిమితమయ్యాయన్న ప్రశ్నను నిర్వాహకులు ఇంకా గట్టిగా అడిగి ఉండాల్సింది.

ఇదంతా మనకు దూరపు సంగతి అని పాఠకులు అనుకోనక్కర్లేదు. 1930లలో ఇండోర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్ తన మాణిక్ బాగ్ ప్యాలెస్‌కు తెప్పించుకున్న ఆధునిక ఫర్నిచర్‌లో ఈ పడక కుర్చీ కూడా ఉంది.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే ఫొటోతో, ముగ్గురి పేర్లూ వేసి సవరణ ప్రచురించాలని కోరుతున్నాను. ఈ లేఖ నిడివి ఎక్కువైతే నా కర్టెన్ల సంగతి తీసేయండి. ఆమె పేరు మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ