చార్లెస్ అడిగిన ప్రశ్న

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదు. "బడిలో పరిశోధన చేస్తుంటే క్లాసులో ఏదీ నా చేతిలో ఉండట్లేదమ్మా, ల్యాబ్‌లో చేసుంటే ఈపాటికి థీసిస్ సగం అయ్యేది" అన్నావు. అప్పుడేమీ చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నా.

దసరాకి వచ్చినప్పుడు ఆన్ బ్రౌన్ గురించిన జిరాక్సు కాగితాలు ఇక్కడే మర్చిపోయావు. డిక్షనరీ పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీల చొప్పున చదివాను. 1943లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో, బాంబులు పడుతున్న రోజుల్లో పుట్టిన పిల్ల. అక్షరాలు పట్టుబడని డిస్లెక్సియా వల్ల పదమూడేళ్లు వచ్చేదాకా చదవడమే రాలేదట! పిల్లలు చదివినదాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్న దాని మీద జీవితమంతా పనిచేసింది ఆ పిల్లే.

పాలిన్‌సర్ అనే పరిశోధకురాలితో కలిసి ఆమె 1984లో రాసిన పేపర్లో చార్లెస్ అని ఒక ఏడో తరగతి పిల్లాడున్నాడు చూడు, వాడి దగ్గర ఆగిపోయాను. వాళ్ల పద్ధతిలో పిల్లలే వంతులవారీగా టీచరై, చదివిన పేరా మీద ప్రశ్న వేయాలి, సారం చెప్పాలి, అర్థం కాని చోట విడమరచాలి, తర్వాత ఏమొస్తుందో ఊహించాలి. మొదటి రోజు పాముల పాఠం. చార్లెస్ ఏవో పాముల పేర్లు చెప్పి, ప్రశ్న కుదరక, నేను సరిగ్గా చేయట్లేదని ఒప్పేసుకున్నాడు. టీచర్ ఒక్కో మాటా అందిస్తే, వాడు వెనకే పలికాడు. పదిహేనో రోజుకి, శాస్త్రవేత్తలు పరిశోధనకి దక్షిణ ధ్రువానికి ఎందుకొస్తారని ఎవరి సాయం లేకుండా అడిగాడు. ఆ పేరా మొత్తం దాని గురించే. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని కదా, అది చదువుతుంటే కళ్లు చెమర్చాయి.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ఏడో తరగతికి సోషల్ చెప్పేటప్పుడు ఐదుగురేసి పిల్లలతో నదుల చార్టులు వేయించేదాన్ని. ఒక గ్రూపులో రాతంతా ఒకే అమ్మాయిది. ఒకడు స్కెచ్ పెన్నుల మూతలు తీసి ఇచ్చేవాడు, ఆమె రాశాక మళ్లీ పెట్టేవాడు. చార్టు బాగుందని అందరికీ ఒకటే మార్కులు వేశాను. అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడు గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగితే వాడు తలదించుకున్నాడు. తప్పు వాడిది కాదు. వాడికి మూతలు తప్ప నేనేమీ ఇవ్వలేదు.

1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఆరన్సన్ అనే సైకాలజిస్టు చేసింది ఇక్కడే అర్థమైంది నాకు. తెల్ల, నల్ల, మెక్సికన్ పిల్లల్ని కొత్తగా ఒకే క్లాసులో కూర్చోబెట్టిన రోజులవి, గొడవలే గొడవలు. పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చాడు. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకొచ్చి మిగతావాళ్లకి చెబితేగానీ గ్రూపులో ఎవరికీ పాఠం పూర్తికాదు. బ్రౌన్, ఆమెతో కలిసి పనిచేసిన కాంపియోనీ తర్వాత కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ బడుల్లో ఆ పద్ధతినీ వాడుకున్నారు. మూతలు ఇచ్చేవాడి కోసం మిగతా నలుగురూ ఎదురుచూడాల్సిన ఏర్పాటు అది.

ఇక నీ టెన్షన్ సంగతి. ల్యాబ్‌లో పేరు తెచ్చుకున్నాకే కదా బ్రౌన్ క్లాసుల్లోకి వచ్చింది? క్లాసులో ఒక్కటి మారిస్తే అన్నీ కదులుతాయని, దేనివల్ల ఏం జరిగిందో విడదీయడం కష్టమని 1992లో ఆమే రాసింది. నిజమైన క్లాసులోనే పద్ధతిని పెట్టి చూస్తూ, మారుస్తూ పోయే 'డిజైన్ ఎక్స్‌పెరిమెంట్' గురించి ఆమె రాసింది ఆ ఇబ్బందిలోంచే. నువ్వు చేతకానితనం అనుకుంటున్నది ఆమె పరిశోధనకి మొదటి మెట్టు. 1999లో చిన్న వయసులోనే పోయింది, ఇంకెంత చేసేదో.

సోమవారం బడికి వెళ్లు. మాట్లాడే పిల్లల పక్కన కాదు, ప్రతి గ్రూపులో ఊరకే కూర్చున్నవాళ్ల పక్కన కూర్చో. రికార్డింగులు ఉన్నాయన్నావుగా, ఒక పది నిమిషాల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపు. నీ జిరాక్సులు, సున్నుండలు రేపు కొరియర్‌లో వేస్తాను.

అమ్మ