గొంతులు, శ్రుతి, ఊపిరి: నీ 20 నిమిషాల రచన గురించి

నేస్తం,

నీ ఉత్తరం అందింది. హింసను దాటి వచ్చిన ఆడవాళ్ళ మాటలతో, బృందగానంతో 20 నిమిషాల శబ్ద రచన తలపెట్టావని చదివి ఎంత సంతోషించానో! నువ్వడిగినవన్నీ వరసగా కాకుండా, నాకు ముఖ్యమనిపించిన చోట ఆగి చెబుతానే.

ముందు ఒక్క మాట. తలుపు దభాలున పడటం, దగ్గరవుతున్న అడుగులు, పగిలే గాజు, వెక్కిళ్ళు, ఇవేవీ పెట్టకు. వినేవాళ్ళలో అవన్నీ అనుభవించినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఆ క్షణం మళ్ళీ జరిగినట్టే అవుతుంది. ఒళ్ళు ఉలిక్కిపడేది శబ్దం గట్టిగా ఉన్నందుకే కాదు, హఠాత్తుగా మొదలైనందుకు కూడా. కొత్త శబ్దం ఏదైనా రెండు మూడు సెకన్లు తీసుకుని పైకి రానీ. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి శబ్దం గట్టితనం 6 డెసిబెల్స్ మించి ఎగరకూడదు. నాలుగు వైపులా స్పీకర్లు పెట్టినా సరే, మాట్లాడే గొంతు వెనకనుంచి రానివ్వకు.

రికార్డింగ్‌కి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉంచితే ప, బ, భ పేలవు. ఎవరూ మాట్లాడని గది శబ్దం ఒక నిమిషం విడిగా పట్టుకో. మాటల మధ్య మౌనం కావాలన్నప్పుడు ఇదే వాడాలి. పూర్తి సున్నా పెడితే స్పీకర్ ఆగిపోయిందనుకుంటారు. ఊపిరి శబ్దాలు కోసెయ్యకు, మరీ గట్టిగా ఉంటే మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గించు, అంతే. రొద తీసేసే సాఫ్ట్‌వేర్‌ని గట్టిగా వాడితే అది ముందు మింగేది ఊపిరినే, ఆ తర్వాత గొంతు మరమనిషిలా వినిపిస్తుంది.

మాట్లాడే ఆమె ఎవరో తెలియకుండా గొంతు శ్రుతి మారుస్తానన్నావు. అది చాలదే. ఉత్త శ్రుతి మార్పుని ఎవరైనా వెనక్కి తిప్పెయ్యగలరు. ఆమె ఒప్పుకుంటే ఆ మాటల్నే ఇంకొకరి చేత చదివించు. ఒప్పుదల కూడా రెండుసార్లు అడగాలి: రికార్డింగ్‌కి ముందు, ఎడిట్ విన్నాక. ‘వద్దు’ అంటే ఆ భాగం పోతుంది, కారణం అడగొద్దు.

ఇక డ్రోన్, అంటే వెనక తంబూరాలా ఆగకుండా మోగే స్వరం. ఆడవాళ్ళ మాట సుమారు 200 హెర్ట్జ్ చుట్టూ తిరుగుతుంది. నీ డ్రోన్ కూడా అక్కడే కూర్చుంటే మాట మునిగిపోతుంది. ఒక స్థాయి (ఆక్టేవ్) కిందకి, 110 హెర్ట్జ్ దగ్గరకి దించి, హల్లులు స్పష్టంగా పలికే 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య డ్రోన్‌ని 3 డెసిబెల్స్ తగ్గించు. రెవర్బ్, అంటే గది ప్రతిధ్వని, మాటకి దాదాపు వద్దు. మాట దయ్యం పలుకులా అయిపోతుంది. బృందానికి ధారాళంగా ఇవ్వు.

నా దృష్టిలో రచనకి ప్రాణం బృందమే. పాట రానివాళ్ళు కూడా ఉంటారు కాబట్టి షడ్జమం (స) 220 హెర్ట్జ్ దగ్గర పెట్టు, పంచమం (ప) దాటి పైకి అడగకు. మొదట నోరు మూసుకుని హమ్మింగ్, తర్వాత ‘ఊ’, ‘ఆ’, ఆఖరున మాటలు. నోరు తెరవడం ఇష్టంలేనివాళ్ళు హమ్మింగ్ దగ్గరే ఆగిపోవచ్చు, వాళ్ళ శబ్దమూ అందులో ఉంటుంది. స్వరం పట్టి ఉంచేటప్పుడు అందరికీ ఒకే నియమం చెప్పు: పక్కామె ఊపిరి తీసుకుంటుంటే నువ్వు పాడటం ఆపకు. అలా చేస్తే ఎవరికి వాళ్ళు ఆగుతున్నా స్వరం ఆగదు. నలుగురైతే ఖాళీలు వినిపిస్తాయి, పన్నెండు మంది దాకా ఉంటే నిలుస్తుంది. కలిసి కోలుకోవడాన్ని మాటల్లో చెప్పించే పని లేదు, ఆ స్వరంలోనే వినిపిస్తుంది. తర్వాత ఒక భాగంలో అందరూ పొడుగు పాదాలు ఒకేసారి పాడి, ఒకేసారి ఊపిరి తీసుకోనీ. అలా ఊపిరి కలిసినప్పుడు గుండెవేగాలు కూడా కలిసి ఎక్కిదిగుతాయని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2013లో ప్రచురించారు. పాదానికి 10 సెకన్లు ఇస్తే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. అయితే కొత్తవాళ్ళకి అది ఎక్కువ. ఆరు సెకన్లతో మొదలుపెట్టు, లేకపోతే కళ్ళు తిరుగుతాయి.

చివర్లో గట్టి సుఖాంత స్వరమేళం వద్దు. బాధ అయిపోయిందని మనం ప్రకటించినట్టు ఉంటుంది. గొంతులు ఒక్కొక్కటిగా ఎవరికిష్టమైనప్పుడు వాళ్ళు ఆగిపోనీ.

మిక్స్ పంపేటప్పుడు మాటలు, డ్రోన్, బృందం మూడూ విడి ఫైళ్ళుగా పంపు. కలిపేసిన దాంట్లో ఏది దేన్ని కప్పుతోందో చెప్పడం కష్టం.

నీ నేస్తం