డీజిల్ బండా, బ్యాటరీ బండా

చిట్టితల్లీ,

గోడౌన్‌లో బరువులెత్తడానికి డీజిల్ ఫోర్క్‌లిఫ్ట్ కొనాలా, బ్యాటరీది కొనాలా అని ఫోన్‌లో నువ్వడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. గోడౌన్ చూడకుండా ఫోర్క్‌లిఫ్ట్ ఏది కొనాలో చెప్పడమంటే మనిషిని చూడకుండా చొక్కా కుట్టడమే. అయినా తెలిసింది రాస్తున్నాను.

ధరల కాగితాలు పక్కన పెట్టు. ముందు బండి రోజుకి ఎన్ని గంటలు నిజంగా కదులుతుందో ఒక వారం రాసుకో. ఆ పని చేయకుండానే నేనొకసారి బ్యాటరీ బండి కొనిపించాను. పని రెండు షిఫ్టులు, బ్యాటరీ ఒక్కటే. లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 8 గంటలు నడిస్తే, చార్జింగ్ ఎక్కడానికి ఇంకో 8 గంటలు, పైగా చల్లారనివ్వాలి. రెండో షిఫ్టు వచ్చేసరికి బండి మూలన, లారీలు గేటు బయట. ఆ రాత్రి మూటలన్నీ చేతులతోనే దించారు. మేస్త్రీ చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

లిథియం బ్యాటరీ అయితే టీ తాగేలోపు కాసేపు ప్లగ్గు పెట్టుకోవచ్చు, నీళ్లు పోసే బాధ లేదు. కొనేటప్పుడే ఖర్చు ఎక్కువ. లెడ్ యాసిడ్ తీసుకుంటే చార్జింగ్‌కి గాలాడే చోటు చూడు. చార్జింగ్ అవుతుంటే హైడ్రోజన్ అనే మండే వాయువు వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. డిస్టిల్డ్ వాటర్ చార్జింగ్ అయ్యాకే నింపించు, ముందే నింపితే యాసిడ్ పొంగుతుంది. ఈ పని ఒక్కరికే అప్పగించు. అన్నట్టు, ముందు ఎత్తే సరుక్కి ఆ బ్యాటరీ బరువే వెనక తూకం కూడా. తేలికది మారిస్తే బండి ముందుకి తూలుతుంది.

డీజిల్‌ని మరీ తీసిపారేయకు. గుంతల యార్డులో, వానలో, ర్యాంపు మీద దాన్నే నమ్ముతాను. ట్యాంకు నిమిషాల్లో నిండుతుంది. మూసిన షెడ్డులోకి మాత్రం రానివ్వకు. మసి కనబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కనబడదు, వాసనా ఉండదు. మా కుర్రాళ్లు తలనొప్పి అంటే నిద్ర చాల్లేదేమో అనుకునేవాళ్లం. గ్యాస్‌తో నడిచే బండి పొగలోనూ ఆ విషవాయువే ఉంటుంది.

బ్యాటరీ బండికి చప్పుడుండదు. నడిపేవాడికి సుఖమే గానీ, దారిన నడిచేవాళ్లకి వెనక వస్తున్నట్టు తెలీదు. నేలమీద నీలం వెలుగు పడే లైటు పెట్టించు.

లోపలి పనే ఎక్కువన్నావు కాబట్టి నేనైతే బ్యాటరీ బండే తీసుకుంటా. యార్డు పని వారానికి ఒకట్రెండు రోజులే అయితే ఆ రోజులకి డీజిల్ బండి అద్దెకి తెచ్చుకో. వారం లెక్క అయ్యాక ఆ కాగితం ఫోటో తీసి పంపు, చూస్తాను.

నాన్న