దూలాలు కోసే బ్యాండ్‌సా సంగతి

ప్రియమైన బావా,

తాతగారి పెంకుటిల్లు విప్పించేశారని తెలిసి మనసు చివుక్కుమంది. ఆ టేకు దూలాల్లో ఒక్కటి కూడా అమ్మలేదని చదివాక మళ్ళీ ప్రాణం లేచి వచ్చింది. వాటిని మిల్లుకు పంపకుండా ఇంటి వెనక షెడ్డులో నువ్వే కోసుకుంటానంటున్నావు. భేషుగ్గా ఉంది. ఎన్ని హార్స్‌పవర్ల బ్యాండ్‌సా కొనమంటావని అడిగావు చూడు, దానికి మాత్రం వెంటనే జవాబు చెప్పను. హార్స్‌పవర్‌తో బేరం మొదలుపెట్టినవాడికి దుకాణదారు ఏదైనా అంటగట్టగలడు.

రెండు చక్రాలు, వాటి చుట్టూ తిరిగే ఒక ఉక్కు పట్టీ. బ్యాండ్‌సా అంటే ఇంతే. మిగతా ఇనుమంతా ఆ పట్టీని కర్రలో పక్కకు పోకుండా నడిపించడానికి పెట్టిందే. అందుకని ప్రతి యంత్రం దగ్గరా ఒక్క ప్రశ్నే వేసుకో: ఇది బ్లేడును ఎంత గట్టిగా, ఎంత నిటారుగా పట్టుకోగలదు? చరిత్రలోనూ పేచీ బ్లేడు దగ్గరే వచ్చింది. లండన్‌లో విలియం న్యూబెరీ అనే ఆయన 1809లోనే ఈ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ పట్టీ రెండు కొనలనూ కలిపిన అతుకు నిలిచేది కాదు, చక్రాల మీద వంగి వంగి తెగిపోయేది. 1846లో ఫ్రాన్సులో క్రెపాఁ అనే మహిళ గట్టి అతుకు వేసే పద్ధతి కనిపెట్టాకే బ్యాండ్‌సా పనికొచ్చే వస్తువైంది. నలభై ఏళ్ళకు దగ్గరగా యంత్రం బ్లేడు కోసం ఎదురుచూసిందన్నమాట.

ఇక నీ షెడ్డులోకి వద్దాం. ముందు టేపు తీసుకుని దూలాలన్నీ కొలువు. పొడవుతో పని లేదు, అడ్డుకోత కొలతలు కావాలి. ఆరంగుళాలు, నాలుగంగుళాలు ఉన్నాయనుకో. దాన్ని ఆరంగుళాల వైపు నిలబెట్టి పలకలుగా చీల్చాలంటే బల్లకూ, బ్లేడు పక్కకు పోకుండా పట్టి ఉంచే పై గైడుకూ మధ్య కనీసం ఆరంగుళాల ఖాళీ ఉండాలి. అది కూడా బొటాబొటిగా కాదు, కాస్త మిగలాలి. నువ్వు పంపిన మూడు యంత్రాల కాగితాల్లో మొదటిది, ఆ బల్ల మీద పెట్టుకునే తొమ్మిదంగుళాల బుల్లి యంత్రం, ఇక్కడే పోటీలోంచి తప్పుకుంటుంది. అలాంటివి మహా అయితే మూడున్నర, నాలుగు అంగుళాల ఎత్తు కోస్తాయి, అదీ మెత్తటి కర్రయితేనే. బొమ్మలు చేసుకునేవాడికి, ప్లైవుడ్‌లో వంపులు తీసేవాడికి బాగుంటుంది. చేవదేరిన పాత టేకు దాని వల్ల కాదు.

బ్యాండ్‌సా సైజు చెప్పేటప్పుడు చక్రం వ్యాసాన్నే చెబుతారు. పధ్నాలుగు అంగుళాలంటే చక్రం పధ్నాలుగు. బ్లేడుకూ పక్కనున్న స్తంభానికీ మధ్య ఖాళీ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది, ఒక అర అంగుళం తక్కువగా. కోసే ఎత్తు వేరే లెక్క, పేరు చూసి మోసపోకు. ఇంట్లో పని చేసుకునేవాడికి పధ్నాలుగు సరిపోతుందని నా అభిప్రాయం. డబ్బూ చోటూ ఉంటే పదహారు, పద్ధెనిమిది ఇంకా హాయి.

ఈ పధ్నాలుగులోనే రెండు వంశాలున్నాయి. ఒకటి పోత ఇనుముది. అమెరికాలో 1930లలో డెల్టా వాళ్ళు తెచ్చిన నమూనా ఇప్పటికీ తైవాన్, చైనా నకళ్ళ రూపంలో బతికే ఉంది. అది కోసే ఎత్తు ఆరంగుళాలు. మధ్యలో ఇంకో ఆరంగుళాల ఇనుప దిమ్మ బిగిస్తే పన్నెండవుతుంది, కానీ పాత బ్లేడు సరిపోదు, పొడవైనది కొనాలి. రెండోది ఇటలీ వాళ్ళ పద్ధతి: ఉక్కు రేకును పెట్టెలా మడిచి వెల్డింగు చేసిన వెన్నెముక. ఈ రోజుల్లో మంచి యంత్రాలు ఎక్కువగా ఈ తీరులోనే వస్తున్నాయి, పధ్నాలుగు అంగుళాల వాటిలోనే పన్నెండు, పదమూడు అంగుళాల ఎత్తు ఇస్తున్నాయి.

నా ఓటు రెండో దానికే, కారణం బిగువు. నవారు మంచం అల్లేటప్పుడు పట్టె సన్నదైతే ఏమవుతుందో నీకు తెలుసు. నువ్వు లాగినకొద్దీ పట్టె వంగుతుంది గానీ నవారు బిగియదు. ఇదీ అంతే. అర అంగుళం వెడల్పున్న మామూలు బ్లేడును సరైన బిగువులో ఉంచితే రెండు చక్రాలనూ ఒకదానివైపు మరొకటి లాగే బలం వంద కిలోలకు పైమాటే. ముప్పావు అంగుళం బైమెటల్ బ్లేడయితే, అంటే రెండు రకాల ఉక్కు అతికి చేసినదైతే, దానికి మూడు నాలుగింతలు. ఫ్రేము ఆ బలానికి ఆగకపోతే బ్లేడు వదులుగా ఉండి, కోత మధ్యలో విల్లులా వంగుతుంది. పైన చూస్తే గీత మీదే పోతుంటుంది, పలక తిప్పి చూస్తే మధ్యలో బొజ్జ. దుకాణంలో అంగుళం బ్లేడు కూడా పడుతుంది సార్ అంటారు. చక్రం మీద పడుతుంది, నిజమే, బిగియడమే కష్టం. పైగా మందపాటి బ్లేడు చిన్న చక్రం మీద వంగి వంగి పగుళ్ళిస్తుంది. పధ్నాలుగుకు అర అంగుళం హాయి, ముప్పావు అంగుళం హద్దు అనుకో.

బటాలా, రాజ్‌కోట్ వైపు తయారైన మన దేశపు యంత్రాల సంగతి కూడా అడిగావు. నేను చూసినంతలో ఇనుము పుష్కలంగా పోస్తారు, బిగువుకు లోటుండదు. గైడ్లు, బల్ల నునుపు, కర్రను ఆనించి నడిపే ఫెన్సు, వీటి దగ్గర శ్రద్ధ తక్కువ. సానబట్టి సరిచేసుకునే ఓపిక ఉన్నవాడికి ఆ ధరలో అంత దిట్టమైన సరుకు ఇంకెక్కడా దొరకదు. కానీ వాటికి చాలావరకు త్రీఫేజ్ మోటార్లుంటాయి, నీ ఇంటికి ఉన్నది సింగిల్ ఫేజ్. మోటారు మార్చి ఇస్తారేమో ముందే మాట్లాడుకో.

అమెరికాలో ఉన్న మేనల్లుడు ఇల్లు మారుతూ తన బ్యాండ్‌సాను కంటైనరులో వేసి పంపిస్తానన్నాడని రాశావు. ప్రేమ గొప్పదే, కానీ అక్కడ ఇళ్ళలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. కొన్ని మోటార్లకు తీగలు మార్చి 230కి పెట్టుకోవచ్చు. హెర్ట్జ్‌ను మాత్రం తీగలు మార్చలేవు. మోటారు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, పైగా ఎక్కువ వేడెక్కుతుంది. ఇక్కడ కొత్త మోటారు వేయించుకుంటానంటే వేరే మాట. ఓడ కిరాయి, సుంకం, మోటారు కలిపి లెక్కేసి చూడు, మేనల్లుడి మీద ప్రేమ కాస్త తగ్గుతుంది.

దుకాణానికి వెళ్ళినప్పుడు తొందరపడకు. కరెంటు తీయించి, తలుపులు తెరిపించి, పై చక్రాన్ని చేత్తో తిప్పు. ఎదురుగా నిలబడి అంచు చూస్తూ ఉండు, ఎగుడుదిగుడుగా ఊగితే బేరం అక్కడే ఆపు. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిలించు, టకటకమంటే బేరింగులు వదులు. తర్వాత పై గైడు ఉన్న కడ్డీని పూర్తిగా కిందికి దించి, గైడుకూ బ్లేడుకూ మధ్య మామూలు కాగితం మందం సందు ఉండేలా పెట్టించు. ఇప్పుడు కడ్డీని నెమ్మదిగా పైకి లేపుతూ ఆ సందునే చూడు. పైదాకా అలాగే ఉంటే చక్కటి పనితనం. పైకి పోయేకొద్దీ ఒక పక్క బ్లేడును తాకి, ఇంకో పక్క దూరం పెరిగిందా, అలాంటిది కొంటే కర్ర ఎత్తు మారినప్పుడల్లా గైడ్లు మళ్ళీ సర్దుకుంటూ కూర్చోవాలి. రంగులు, స్టిక్కర్లు, లైటు చూపించి మురిపిస్తారు గానీ ఈ పరీక్ష వాళ్ళంతట వాళ్ళు ఎప్పుడూ చూపించరు.

చివరగా మోటారు ఆన్ చేయించి, బల్ల మీద పాత మందపాటి అయిదు రూపాయల బిళ్ళను అంచు మీద నిలబెట్టు. యంత్రం నడుస్తుండగా బిళ్ళ పడకుండా నిలబడితే చక్రాల తూకం బాగున్నట్టే. పడిపోయిందని వెంటనే తిరస్కరించకు, దుకాణంలో నేల వంకరగా ఉండవచ్చు, యంత్రం ఇంకా చక్రాల బండి మీదే ఉండవచ్చు. గట్టి నేల మీద పెట్టించి మళ్ళీ చూడు. గైడ్లు బేరింగులవా, సిరామిక్‌వా అని పెద్ద చర్చ నడుస్తూ ఉంటుంది. నన్నడిగితే సులువుగా సర్దగలిగేవి ఏవైనా మంచివే.

ఇప్పుడు అసలు ఖర్చు: బ్లేడ్లు. యంత్రంతో పాటు ఇచ్చే బ్లేడు ఆన్ చేసి చూపించడానికే. యంత్రానికి పెట్టే డబ్బులో కొంత పక్కన తీసి, దూలాలు చీల్చడానికి అర అంగుళం వెడల్పు, అంగుళానికి మూడు పళ్ళున్న బ్లేడు ఒకటి, వంపులకు పావు అంగుళానిది ఒకటి కొను. పావు అంగుళం బ్లేడు అయిదు ఎనిమిదో వంతుల అంగుళం వ్యాసార్థం దాకా తిరుగుతుంది. అర అంగుళానిది రెండున్నర అంగుళాల కంటే బిగుతైన వంపు తిరగదు, బలవంతం చేస్తే మెలిపడుతుంది.

మూడే పళ్ళా, నునుపుగా ఎలా వస్తుందంటావు. లెక్క చూడు. ఆరంగుళాల ఎత్తున్న దూలంలో మూడు పళ్ళ బ్లేడుకు పద్ధెనిమిది పళ్ళు ఒకేసారి కర్ర లోపల ఉంటాయి. పది పళ్ళ బ్లేడయితే అరవై. ఒక్కో పన్ను తీసిన పొట్టు, బ్లేడు కిందికి దిగి బయటపడేదాకా, పళ్ళ మధ్యనున్న గాడిలోనే ఉండాలి. సన్న పళ్ళ మధ్య గాడి చిన్నది, మధ్యలోనే నిండిపోతుంది. ఆ తర్వాత బ్లేడు కోయదు, రుద్దుతుంది. వేడెక్కి, మసిబారి, పక్కకు దారి వెతుక్కుంటుంది. గరుకు పోగొట్టడానికి చిత్రిక ఉంది కదా, బ్లేడును ఆ పని అడగకు.

పెద్ద పళ్ళతో కర్ర వృథా అవుతుందని కూడా భయపడకు. గుండ్రటి రంపం ఒక్కో కోతకు మూడు మిల్లీమీటర్లు పొట్టు చేస్తుంది, ఇది ఒకటీ చిల్లర. యాభై మిల్లీమీటర్ల మందం కర్రను అయిదేసి మిల్లీమీటర్ల పలకలుగా చీలిస్తే దానితో ఆరు, దీనితో ఎనిమిది. చెల్లాయి అడుగుతున్న పూజ మందిరం తలుపులకు ఆ పలకలు జతజతగా తెరిచి పెడితే రేఖలు రెండు పక్కలా అద్దంలో చూసినట్టు వస్తాయి.

టేకు పైకి మెత్తగా కనబడుతుంది గానీ దాంట్లో సిలికా ఉంటుంది, మామూలు కార్బన్ బ్లేడు పదును తొందరగా పోతుంది. దూలాలన్నీ కోయాలనుకుంటున్నావు కాబట్టి చీల్చే బ్లేడు బైమెటల్‌ది తీసుకో. ధర ఎక్కువే, గిట్టుబాటవుతుంది. అంతకన్నా పెద్ద శత్రువులు మేకులు. పాత ఇళ్ళ దూలాల్లో కమ్మరి కొట్టిన నలుపలకల మేకులు తలలు విరిగి లోపలే ఉండిపోతాయి, పైన మచ్చ కూడా కనబడదు. పాత స్పీకరులో ఉండే పెద్ద అయస్కాంతానికి దారం కట్టి, దూలం పక్కల వెంట వేలాడదీస్తూ పో. మేకు దగ్గర్లో ఉంటే అది అటు తూగుతుంది. టేకు మీద నల్లటి నీలం మరక కనబడితే లోపల ఇనుము ఉందని అనుమానించు. లోతుగా ఉన్నవాటికి చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టరు కొంటే ఒక్క బ్లేడు మిగిలినా దాని ఖరీదు చాలావరకు వచ్చేసినట్టే. మొద్దుబారిన బ్లేడును పారేయకు. కోత మిల్లుల్లో సా డాక్టర్ అనే మనిషి ఉంటాడు, పళ్ళు సానబట్టి ఎడమా కుడీ విరుపు పెట్టడం ఆయన పనే. మర్యాదగా అడిగితే చిన్న బ్లేడు కూడా చూస్తాడు.

హార్స్‌పవర్ సంగతి మరిచిపోలేదు. ఆరంగుళాల టేకుకు ఒకటిన్నర చాలు. ఒక హార్స్‌పవర్ సుమారు 750 వాట్లు, మోటారు మొదలయ్యేటప్పుడు దానికి కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. షెడ్డుకు ఇంటి నుంచి సన్నటి వైరు లాగి ఉంటే తీసేయించి, 16 ఆంపుల సాకెట్టుకు వేరే లైను, సరైన ఎర్తింగు పెట్టించు.

బ్యాండ్‌సా కర్రను బల్ల మీదికి నొక్కుతుంది, గుండ్రటి రంపంలా మన మీదికి విసరదు. దానివల్ల మనుషులకు ధీమా ఎక్కువవుతుంది. పై గైడును కర్రకు పావు అంగుళం ఎత్తులోనే ఉంచు. గుండ్రటి దుంగను ఆధారం లేకుండా ఎప్పుడూ పెట్టకు, దొర్లి బ్లేడును లాక్కుపోతుంది. మాస్కు విషయంలో వాదన వద్దు. కర్ర పొట్టును క్యాన్సరు కలిగించే వాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఎప్పుడో చేర్చారు, టేకు పొట్టు కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు తెప్పిస్తుంది కూడా. యంత్రానికి పొట్టు లాగే గొట్టం బిగించే వసతి ఉందో లేదో కొనేముందే చూడు.

కాబట్టి నువ్వు పంపిన మూడింటిలో నా ఎంపిక మూడోది, ఉక్కు ఫ్రేము ఉన్నది. అయితే గైడు కడ్డీ పరీక్ష నెగ్గితేనే. దూలాల కొలతలు, షెడ్డు తలుపు వెడల్పు రాసి పంపు. ఆ యంత్రం వంద కిలోలు దాటుతుంది, ఆటోలోంచి దింపడానికి మనుషులను ముందే మాట్లాడి పెట్టుకో. బ్లేడ్లు మాత్రం అక్కడ కొనకు. యంత్రం బ్లేడు పొడవు ఎంతో మాన్యువల్‌లో చూసి చెప్పు, ఇక్కడ హైదరాబాద్‌లో కొలతకు అతికించి ఇచ్చే దుకాణం నాకు తెలుసు, చేయించి పార్సిల్ చేస్తాను. డబ్బు తర్వాత చూసుకుందాం.

చెల్లాయికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు
నీ బావ